సూర్యుడు, గుమ్మడిలంక శాఖ

నేను దరఖాస్తులు నింపుతాను. మండలాఫీసుకు ఎదురుగా, జెరాక్సు షాపు పంచలో బల్ల వేసుకుని ఇరవై రెండేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. నా చేతి మీదుగా వెళ్ళిన కాగితం ‘అసంపూర్ణం’ అన్న మాటతో ఒక్కసారి కూడా వెనక్కి రాలేదు. ఇందులో మంత్రమేమీ లేదు. ఈ గవర్రాజు గడి ఖాళీ వదలడు, అంతే. పెళ్ళికానివాడి దరఖాస్తులో ‘భార్య పేరు’ అన్న గడి వస్తే మిగతావాళ్ళు అడ్డగీత గీస్తారు. నేను ‘సంబంధాలు చూస్తున్నారు’ అని రాస్తాను. చదివే గుమాస్తాకి ఒక నిండుదనం కనిపించాలి కదా!

ఆ నిండుదనమే మా నూకరత్నమక్క కొంప ముంచింది.

నూకరత్నమక్క నాకు వరసకి అక్క. ఊరు గుమ్మడిలంక, చేసేది మామిడి తాండ్ర. రసాలు పిండి, పంచదార కలిపి, తాటాకు చాపల మీద పల్చగా పోసి ఎండలో పెడుతుంది. ఆ పొర ఆరితే మర్నాడు దాని మీద ఇంకో పొర. అలా ఇరవై రోజులు, ఇరవై పొరలు. ఆరిందో లేదో చూడ్డానికి ఆవిడ దగ్గర యంత్రాలేమీ లేవు. కుడిచెయ్యి తిప్పి వేళ్ళ వెనకభాగం పొరకి ఆనిస్తుంది. అంటుకుంటే ఆగాలి. అంటుకోకపోతే పొయ్యాలి. వాళ్ళత్తగారు కూడా అలాగే చూసేది. పదకొండు మంది ఆడవాళ్ళు ఆ పెరట్లో వేసవంతా పనిచేసి ఏడాదంతా దాని మీద నెట్టుకొస్తారు. వచ్చిన చిక్కల్లా పండుతోనే. మగ్గిన రసం రెండు రోజులు ఆగుతుంది. మూడో రోజు ఈగల పాలు.

పోయిన వేసవి నుంచి ‘ప్రాంతీయ విశిష్ట ముద్ర’ లేని సరుకు బస్టాండు కొట్లలోనూ, రైల్వే స్టేషన్లోనూ, పట్నం మాల్సులోనూ పెట్టకూడదని కొత్త నిబంధన వచ్చింది. ముద్ర ఇచ్చేది ప్రాంతీయ ఉత్పత్తుల ఉద్ధరణ మండలి. ఆ మండలివారు ముందుగా ‘ప్రాంతీయ తయారీదారులు: నేటి సవాళ్ళు, రేపటి అవకాశాలు’ అని ఒక ఏసీ కల్యాణ మండపంలో సదస్సు పెట్టారు. అక్క నన్నూ తీసుకెళ్ళింది. తయారీదారులు తెచ్చిన అప్పడాలూ, జంతికలూ, తాండ్రా అద్దాల బీరువాలో పెట్టి ‘తాకరాదు’ అని బోర్డు తగిలించారు. మాకు మాత్రం ఎక్కడో తయారైన బిస్కెట్లు పెట్టారు.

మండలి ఉప సంచాలకులు చిదంబరేశ్వరరావుగారు మైకు అందుకున్నారు.

“ప్రాంతీయ తయారీదారుడు నేడు సవాళ్ళ నడుమ, అవకాశముల అంచున నిలిచియున్నాడు. ఆ అంచు నుండి అతనిని ముందుకు నెట్టు బాధ్యతను మండలి సంపూర్ణముగా స్వీకరించినది.”

అందరం చప్పట్లు కొట్టాం. తర్వాత హైదరాబాదు నుంచి వచ్చిన సలహాదారు ఋత్విక్ అనే అబ్బాయి వేదిక మీద అటూ ఇటూ నడుస్తూ, “సవాలు అని సెపరేటుగా ఏదీ లేదండీ. మనం సరిగ్గా ప్యాకేజ్ చెయ్యని ఆపర్చ్యూనిటీనే సవాలంటాం” అన్నాడు. పక్కనున్న అక్క నా చెవిలో, “ఈ కుర్రోడు ఎప్పుడైనా తాండ్ర తిన్నాడంటావా?” అని అడిగింది.

బయటికి వచ్చేటప్పుడు తలా ఒక దరఖాస్తు ఇచ్చారు. నలభై ఒక్క గడులు. చూడగానే నా చేతులు దురదపెట్టాయి.

మర్నాడు అక్క పెరట్లో చాప మీద కూర్చుని ఇరవై రెండు గడులు గుక్క తిప్పుకోకుండా నింపేశాను. ఇరవై మూడో గడి ఇలా ఉంది: ‘ఎండబెట్టు ప్రక్రియకు ఉష్ణము సరఫరా చేయువారి పూర్తి వివరములు.’

“అక్కా, నీకు వేడెవరిత్తారు?”

“ఎవరివ్వడవేంటి తమ్ముడూ? ఎండ.”

“ఎండే. సరఫరా ఎవరిదని అడుగుతున్నారు.”

“పొద్దు పొడిస్తే వత్తాది. దానికో సరఫరా ఏంటి? ఒగ్గేయ్ ఆ గడి.”

ఒగ్గేయమంటే నాకు ఒళ్ళు మండింది. ఇరవై రెండేళ్ళ పేరు ఒక గడి కోసం పోగొట్టుకోనా? పెన్ను విదిలించి రాశాను. పేరు: సూర్యుడు. చిరునామా: తూర్పు. అనుభవం: తరతరాలుగా. సిబ్బంది: ఒక్కరే. పనివేళలు: ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు. వారపు సెలవు: లేదు. రాసింది పైకి చదివితే చెట్టు కింద రసాలు పిండుతున్న ఆడవాళ్ళు ఫక్కుమన్నారు. నాకు మాత్రం చాలా తృప్తిగా అనిపించింది.

తొమ్మిది రోజులకి ఉత్తరం వచ్చింది. ముద్ర వచ్చిందనుకుని అక్క చేతులు కడుక్కుని మరీ తీసుకుంది.

‘తమ దరఖాస్తు పరిశీలించడమైనది. గడి 23లో పేర్కొన్న సూర్యుడు అను సరఫరాదారు మండలి వద్ద నమోదు కాలేదని ఇందుమూలముగా తెలియజేయడమైనది. సదరు సూర్యుని ఫోటో, సమ్మతి పత్రము, సంతకము వెంటనే దాఖలు చేయవలెను. అంతవరకు సదరు సరఫరాదారు నుండి ఎట్టి ఉష్ణమును స్వీకరించరాదు. ఉల్లంఘించినచో తమరు మూడేళ్ళు అనర్హులగుదురు.’

ఉత్తరంతో పాటు ఒక పర్యవేక్షకుడు కూడా వచ్చాడు. ప్లాస్టిక్ కుర్చీ అడిగి తీసుకుని, గొడుగు వేసుకుని పెరటి మధ్యలో కూర్చున్నాడు.

“అంటే ఎండలో పెట్టకూడదా?” అంది అక్క.

“నమోదయ్యేదాకా ఆగాలి.”

“మరి ఆ సంగతి పళ్ళకి చెప్పేవా?”

వసారాలో ముప్పై గంపల రసాలు మగ్గుతున్నాయి. ఇల్లంతా ఆ వాసన. అక్కడ నిలబడలేక అప్పుడే మండలి ఆఫీసుకి బయల్దేరాను.

చిదంబరేశ్వరరావుగారు నన్ను ఎంతో ఆదరంగా కూర్చోబెట్టారు. “చూడండి గవర్రాజుగారూ, సూర్యుని పట్ల మండలికి ఎట్టి అభ్యంతరమూ లేదు. వ్యక్తిగతంగా నాకు ఎనలేని గౌరవం. రోజూ స్నానం చేసి అర్ఘ్యం ఇస్తాను. కాని దేవుడు వేరు, సరఫరాదారు వేరు. అర్ఘ్యానికి ఫోటో అక్కర్లేదు, నమోదుకి కావాలి” అన్నారు. మాటలో తప్పు పట్టడానికేమీ కనపడలేదు. అందుకే ఫోటో స్టూడియోకి వెళ్ళాను.

మొదట తీసిన ఫోటో వెనక నీలంగా ఉందని తిప్పి పంపారు. నిబంధన ప్రకారం వెనక తెల్లగా ఉండాలిట. మబ్బు పట్టిన రోజున తీయిస్తే వెనక తెల్లగా వచ్చింది గానీ సూర్యుడు రాలేదు. చివరికి స్టూడియో అతను మొదటి ఫోటోనే కంప్యూటర్లో పెట్టి, నీలం చెరిపేసి తెలుపు నింపాడు. తెల్లటి సూర్యుడు, తెల్లటి గోడ. చేతికిచ్చింది చూస్తే పాస్‌పోర్టు సైజు తెల్లకాగితం ముక్క. చిదంబరేశ్వరరావుగారు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఒకసారి దాన్నీ ఒకసారి ఆకాశాన్నీ చూసి, “పోలిక ఉంది” అని పిన్ను కొట్టారు.

సంతకం నా సొంత తెలివి. సమ్మతి పత్రాన్ని ఆఫీసు మెట్ల మీద పరిచి, నా చదువుకునే కళ్ళద్దాలు తీసి, సంతకం గడి మీద ఎండ పడేటట్టు పట్టుకున్నాను. కాసేపటికి పొగ లేచి, కాగితానికి చిన్న నల్లటి చిల్లు పడింది. అది చూసి ఆయన ముచ్చటపడ్డారు. “సంతకం అవతలి పక్కకి కూడా దిగింది. ఇంత గట్టిగా సమ్మతించిన సరఫరాదారుణ్ణి నా సర్వీసులో చూడలేదు” అన్నారు. సూర్యుడికి ఉ.స., అంటే ఉష్ణ సరఫరాదారు, నాలుగువందల పదిహేడు అని నంబరిచ్చారు.

నేను ఎగిరి గంతేసి గుమ్మడిలంక చేరేసరికి పన్నెండు గంపల పళ్ళు గోతిలో పోసి మట్టి కప్పుతున్నారు.  మిగిలిన పద్దెనిమిది గంపలు అక్క మర్నాడు పొద్దున్నే పిండడానికి ఏర్పాట్లు చేసింది.

మర్నాడు పొద్దున్న పర్యవేక్షకుడు కుర్చీలోంచి లేచి చెయ్యి అడ్డం పెట్టాడు. దరఖాస్తులో పనివేళలు ఆరు నుంచి అని ఉంది. వేసవి కదా, సూర్యుడు అయిదూ ముప్పై నాలుగుకే వచ్చేశాడు. ఆ ఇరవయ్యారు నిమిషాలూ అనధికార సరఫరా! సాయంత్రం కూడా ఆరు దాటాక అరగంట దాకా ఎండ పోలేదు. అదీ లెక్కలో లేనిదే. దాంతో పదకొండు మంది ఆడవాళ్ళూ తెల్లారుతూనే చీరలు పట్టుకుని చాపల మీద నీడ చేసి నిలబడటం, రేడియోలో ఆరు కొట్టగానే తప్పుకోవడం, మళ్ళీ సాయంత్రం ఆరుకి వచ్చి కప్పడం మొదలుపెట్టారు. పెరట్లోకి కొత్తవాళ్ళెవరైనా వస్తే అదేదో వ్రతం అనుకునేవారు.

అయినా నాలుగు పొరలు పడ్డాయి. అయిదో పొర నాడు చిదంబరేశ్వరరావుగారూ, ఋత్వికూ జీపు దిగారు. చాపల చుట్టూ తిరిగి, ఆడవాళ్ళని పలకరించి, ఉప సంచాలకులవారు తీరిగ్గా ఒక మాట అన్నారు.

“ముద్ర పేరే ప్రాంతీయ విశిష్ట ముద్ర. ఉత్పత్తిలో నూటికి అరవై పాళ్ళు జిల్లాకు చెందినదై యుండవలెను. పండు జిల్లాదే. చాప జిల్లాదే. కాని తాండ్రలో సింహభాగం ఎండది. సరఫరాదారు చిరునామా చూడగా పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరమున నున్నది. ఇది మన జిల్లా పరిధిలోనికి రాదు.”

“అయితే మా జిల్లా ఎండ ఎక్కడ దొరుకుద్దండి?” అంది అక్క. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగింది.

చిదంబరేశ్వరరావుగారు ఋత్విక్ వైపు చూశారు. ఋత్విక్ కళ్ళు మూసుకుని తెరిచాడు. “మేడమ్, ఇదే ఆపర్చ్యూనిటీ! సూర్యుడికి ఇక్కడ ఒక లోకల్ బ్రాంచ్ ఓపెన్ చేద్దాం.”

అలా అక్క పెళ్ళినాటి బీరువా అద్దం ఊడదీసి పెరట్లో కర్రకి కట్టారు. కింద నేనే నా అందమైన అక్షరాలతో బోర్డు రాశాను: ‘సూర్యుడు, గుమ్మడిలంక శాఖ’. ఉప సంచాలకులవారు రిబ్బను కత్తిరించారు. అద్దం మీంచి పడే ఎండ స్థానికం. నేరుగా పడే ఎండ దిగుమతి. రెండూ కలిసిపోతే పాళ్ళు తేల్చడం కష్టం కాబట్టి, చాపలన్నిటి మీదా షామియానా వేసి దిగుమతి ఎండ ఆపేశారు. పక్కనుంచి అద్దాలతో స్థానిక ఎండ లోపలికి కొట్టాలి. ఊళ్ళో ఉన్న అద్దాలన్నీ తెచ్చారు. మంగలి కొట్టు అద్దం, ఆటో అద్దాలు, ఒకావిడ బొట్టుపెట్టుకునే చిన్న అద్దం. ఒక్కొక్కరు ఒక్కో అద్దం పట్టుకుని, సూర్యుడు జరిగినప్పుడల్లా తామూ జరుగుతూ, రోజంతా నిలబడ్డారు. పడిన వెలుగు చాప మీద అరచేతంత మచ్చలుగా ఆడుతోంది.

మూడో రోజు అక్క షామియానా కిందకి వంగి, చెయ్యి తిప్పి, వేళ్ళ వెనకభాగం పొరకి ఆనించింది. చెయ్యి అంటుకుపోయింది. తీస్తే తీగలు సాగింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, అక్కడే కూలబడింది.

“పులిసిపోయింది తమ్ముడూ. అయిదు పొరలూ పోయాయి. మా అత్త కాలం నించీ ఈ పెరట్లో తాండ్ర పులవడం ఎరగం.”

 నేను పట్టుకున్నది ఆటో అద్దం. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాను.

ఇంతటితో ఆగితే మండలి గొప్పేముంది? ఆ వారంలో మామిడి వానకి మబ్బు పట్టి, రెండున్నర రోజులు ఎండ పొడ లేదు. ముందస్తు సమాచారం లేకుండా సరఫరా ఆపినందుకు సంజాయిషీ ఇమ్మని సూర్యుడికి నోటీసు ఇచ్చారు. శాఖ బోర్డుకే అంటించారు. గడువు మూడు రోజులు. జవాబు రాలేదు. నాలుగో రోజున ఉ.స. నాలుగువందల పదిహేడుని నిషిద్ధ జాబితాలో చేర్చారు.

నిషిద్ధ జాబితాలో ఉన్నవాళ్ళ దగ్గర మండలి పరిధిలోని ఏ తయారీదారూ ఏమీ తీసుకోకూడదు. ఉప్పు మడుల మీద టార్పాలిన్లు కప్పారు. ఎండుచేపలవాళ్ళు చేపలు తీసి గదుల్లో ఫ్యాన్ల కింద పరిచారు. అప్పడాల సంఘంవాళ్ళు పొయ్యి చుట్టూ అప్పడాలు నిలబెట్టారు. మండలి ఆఫీసు కూడా తన నిబంధనకి తాను లోబడింది. కిటికీలన్నీ మూసి, చీకటి చేసి, పట్టపగలు ట్యూబ్‌లైట్లు వేసుకుని పనిచేయడం మొదలుపెట్టారు. కరెంటు పోయినప్పుడు కొవ్వొత్తులు వెలిగించేవారు గానీ కిటికీ తీసేవారు కాదు. ఆ నిజాయితీకి మాత్రం మెచ్చుకోవాలి.

అక్క తట్టుకోలేకపోయింది. పులిసిన తాండ్ర ముక్క ఒకటి తాటాకుతో సహా కోసి తీసుకుని నాతో ఆఫీసుకి వచ్చింది. ఆ చీకట్లో తడుముకుంటూ వెళ్ళి చిదంబరేశ్వరరావుగారి బల్ల మీద పెట్టింది. అది మా ఫైలు అట్ట మీదే పడింది.

“చూడండయ్యా. ఇది నా ఏడాది తిండి. నాదే కాదు, పదకొండు కొంపలది. తోటలో ఇంకా పది రోజుల కాయుంది. ఆ తరవాత మీరు సూరీణ్ణి చేతికిచ్చినా నాకు పనికిరాడు.”

ఆయన మనసు కరిగింది. నిజంగానే కరిగింది, గొంతు తగ్గించి మాట్లాడారు. “అమ్మా, మీ బాధ నాకు అర్థమైంది. కాని నేనేం చేయగలను? సూర్యుడు ఫైల్లోకి వచ్చేశాడు. ఒకసారి వచ్చినవాణ్ణి వదలడానికి నాకు అధికారం లేదు. అసలు మీరు ఆ గడి ఎందుకు నింపారమ్మా?”

“నింపకపోతే తిప్పి పంపరాండీ?” అన్నాను నేను.

“ఎందుకు పంపుతాం? రాసినదానికే కదా మేం అభ్యంతరం చెప్పేది. మీ లంకలోనే ఇంకో ముగ్గురు తాండ్రవాళ్ళు అదే గడి ఖాళీగా వదిలారు. ఖాళీని పరిశీలించు విధానము మా వద్ద లేదు. నిషేధం రాకముందే ముద్ర పట్టుకెళ్ళి, చక్కగా సరుకు పంపేసుకున్నారు.”

ఫైలు ఎత్తబోయారు. తాండ్ర అట్టకి అంటుకుని ఉంది. ఆయన గుంజారు, అట్ట చిరిగి చేతికొచ్చింది.

అక్క నా వైపు తిరిగింది. ఆ చీకట్లో నా మొహం కనపడనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఇరవై రెండేళ్ళ నుంచి నేను విద్య అనుకున్నది ఆవిడ అయిదు పొరలనీ, పన్నెండు గంపల పళ్ళనీ గోతిలో పోసింది. తిట్టినా బాగుండేది. తిట్టలేదు.

“కొత్త కాగితం ఉందా తమ్ముడూ?” అంది.

ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాం. బయట ఎండ చుర్రుమంటోంది. నలభై గడులు నింపాను. ఇరవై మూడో గడి దగ్గరికి వచ్చేసరికి పెన్ను దానంతటదే కిందకి దిగింది. ఎడంచేత్తో కుడిచెయ్యి పట్టుకుని పక్క గడికి లాగాను. సిగరెట్టు మానేసినప్పుడు కూడా నాకంత కష్టం కాలేదు. ఆ తెల్లటి గడి వంక చూస్తే నడిరోడ్డు మీద చొక్కా లేకుండా నిలబడ్డట్టనిపించింది.

మూడో రోజుకి ముద్ర వచ్చింది. పర్యవేక్షకుడు కుర్చీ మడిచి వెళ్ళిపోయాడు. అక్క షామియానా పీకించి, అద్దాలు ఎవరివి వాళ్ళకి పంపించేసింది. మిగిలిన కాయతో ఏడు రోజుల్లో ఏడు పొరలు పోసింది. ఏడు పొరల తాండ్ర అప్పడంలా పల్చగా ఉంది. దాన్ని అమ్మడానికి ఆవిడకే సిగ్గేసింది. డబ్బా మీద మండలివారి ముద్ర, దాని కింద మా దరఖాస్తు ప్రకారం వాళ్ళే అచ్చువేయించిన వాక్యం: ‘ఈ ఉత్పత్తిలో ఎట్టి ఉష్ణ సరఫరాదారును వినియోగించలేదు.’

పట్నం మాల్సులో జనం ఎగబడ్డారు. ఎండ తగలని తాండ్ర ఒంటికి మంచిదని ఎవరో చెప్పారట. మళ్ళీ కావాలని అడిగారు గానీ, అప్పటికి చెట్టున కాయ లేదు. పదకొండు మందిలో నలుగురు ఆ ఏడాది తిండికి రొయ్యల షెడ్డుల్లో పనికి పోయారు.

తర్వాతి సదస్సులో వేదిక మీద పెద్ద బ్యానరు కట్టారు: ‘ఎండ లేని తాండ్ర: ఒక విజయగాథ’. అక్కకి శాలువా కప్పారు. ఋత్విక్ మైకు ఆవిడ మూతి దగ్గర పెట్టి, “మేడమ్, ఎండ లేకుండా ఎలా డ్రై చేశారు? ఆ ఇన్నోవేషన్ ఏంటో అందరికీ షేర్ చెయ్యండి” అన్నాడు.

అక్క నా కోసం హాలంతా వెతికి, చూసి, మైకులో చెప్పింది. “ఏం లేదండి. మా గవర్రాజు ఒక గడి ఖాళీ ఒగ్గేసేడండి. అందులోంచి పడిందండి ఎండ.”

హాలు చప్పట్లతో మోగిపోయింది. ముందు వరసలో చిదంబరేశ్వరరావుగారు మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆ మాట శ్రద్ధగా రాసుకుంటున్నారు.

ఈ వేసవి దరఖాస్తులో నలభై రెండు గడులున్నాయి. కొత్తగా చేరింది ఇరవై మూడు-అ: ‘పై గడి ఖాళీగా వదిలినచో, సదరు ఖాళీని సరఫరా చేసినవారి పేరు, చిరునామా, ఫోటో.’

నిన్న అక్క మొదటి గంప రసాలు దింపించి, రొయ్యల షెడ్డు నుంచి నలుగురినీ వెనక్కి పిలిపించి, చాపలు పరిచి నా పక్కన కూర్చుంది. ఆ గడి చదివి వినిపించాను. ఆడవాళ్ళు పిండడం ఆపి నా వైపు చూశారు.

“ఏం రాత్తావు తమ్ముడూ?”

పెన్నుకి మూత పెట్టాను. కుడిచెయ్యి తిప్పి, వేళ్ళ వెనకభాగం ఆ గడికి ఆనించి చూశాను. అంటుకోలేదు.

“పోసెయ్యక్కా” అన్నాను.